పది గోల్స్ తిన్నవాళ్లకు సీటెందుకు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో మాకు తోచలేదు. మేమంటే, ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు యూనివర్సిటీ హాస్టల్లో ఒకే రూములో ఉంటూ పీజీ చేస్తున్న నలుగురం. కలం ఒకరిదే అయినా మాటలు నలుగురివీ. చదువు గురించి రాస్తే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. మేమూ అలా తిప్పినవాళ్లమే. అందుకే ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. మన హాస్టల్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎక్కడుంది అంటారా? నిజమే. మా రోజుల్లో స్టోర్ రూములో గాలి పోయిన ఫుట్‌బాల్ ఒకటి ఉండేది. దాని మీద కూర్చుని టిఫిన్ తినేవాళ్లం.

2025 జూన్ 15, ఆదివారం. మెస్‌లో చికెన్ తిని రూముకొచ్చి, సెల్‌ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి పెట్టుకుని నలుగురం మంచం మీద కూర్చున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకు ఆట మొదలైంది. అది ఫిఫా వారి క్లబ్ ప్రపంచ కప్పు. దేశాల జట్లు కాదు, క్లబ్బులు ఆడే కప్పు. ఒక్కో ఖండంలో ఛాంపియన్లుగా నిలిచిన క్లబ్బులన్నీ ఒకచోట చేరి ఆడతాయి. ఆ రాత్రి ఆట అమెరికాలోని సిన్సినాటిలో. ఒకవైపు జర్మనీ నుంచి బేయర్న్ మ్యూనిక్. ఇంకోవైపు న్యూజిలాండ్ నుంచి ఆక్లండ్ సిటీ. సగం ఆట అయ్యేసరికే 6-0. పూర్తయ్యేసరికి 10-0! రెండో సగంలో దిగిన ముసియాలా ఒక్కడే మూడు కొట్టాడు. ఈ కప్పులో అంతకు ముందెవరూ అంత తేడాతో ఓడలేదు.

మొదట మేమూ నవ్వాం. అబద్ధం ఎందుకు? ఆరో గోల్ పడ్డప్పుడు మాలో ఒకడు అన్నాడు, "అసలు వీళ్లకు సీటెవడిచ్చాడ్రా?" అని.

అన్నాక వాడే నాలుక కరుచుకున్నాడు. కాసేపు రూములో ఎవరమూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ మాట మాకు కొత్త కాదు. డిగ్రీలో చేరిన వారంలో తోటి విద్యార్థులు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఊరి పేరు కాదు, ర్యాంకు. ర్యాంకు చెప్పాక వాళ్ల ముఖంలో వచ్చే ఆ చిన్న నవ్వు సంగతి ఈ హాస్టల్ దాటి వెళ్లిన అన్నలందరికీ తెలుసు. తమ్ముళ్లకు త్వరలోనే తెలుస్తుంది.

ఆ మర్నాడు ప్రపంచంలో చాలామంది అదే ప్రశ్న వేశారు. పది గోల్స్ తినేవాళ్లను పిలిచి కప్పు పరువు తీయడం ఎందుకు, ఆ సీటు యూరప్‌లో ఇంకో మంచి జట్టుకు ఇవ్వొచ్చు కదా అని. పైకి ఈ వాదన చాలా న్యాయంగా కనబడుతుంది. కానీ దీనికి జవాబు చెప్పాలంటే ఆక్లండ్ వాళ్లెవరో, ఈ కప్పు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చూడాలి.

ఆక్లండ్ సిటీ ఆటగాళ్లు ఆటతో బతికేవాళ్లు కాదు. పగలంతా ఏదో ఒక పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లు. ఆ రాత్రి పది గోల్స్ తిన్న గోల్‌కీపర్ కానర్ ట్రేసీ ఒక గోదాములో పనిచేస్తుండేవాడు. కెప్టెన్ మారియో ఇలిచ్ సేల్స్ ఉద్యోగి. డిఫెండర్ క్రిస్టియన్ గ్రే టీచర్ ట్రైనింగులో ఉన్నాడు. ఉద్యోగాలకు సెలవులు పెట్టుకుని అమెరికా వచ్చారు. అవతల వైపు బేయర్న్ వాళ్లకు ఆటే ఉద్యోగం. వాళ్లకు డాక్టర్లు వేరు, వంటవాళ్లు వేరు, బూట్లు ఇచ్చే కంపెనీలు వేరు. ఇద్దరికీ గ్రౌండు మాత్రం ఒకటే కొలత. ఇదంతా తెలిశాక కూడా 10-0ని "ప్రతిభలో తేడా" అని ఒక్క ముక్కలో తేల్చేయడం మాకు చేతకాలేదు.

ఇక కప్పు చరిత్ర. 1960లో ఇంటర్ కాంటినెంటల్ కప్పు అని మొదలైంది. అది రెండే ఖండాల ఆట. యూరప్ ఛాంపియన్, దక్షిణ అమెరికా ఛాంపియన్, అంతే. మొదటి ఏడు స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్, ఉరుగ్వేకు చెందిన పెనరోల్ ఆడాయి. మాంటెవిడియోలో 0-0, మాడ్రిడ్‌లో 5-1. 1962లో పెలే ఉన్న శాంటోస్ జట్టు లిస్బన్‌కు వెళ్లి బెన్ఫికాను 5-2తో ఓడించింది. అందులో మూడు పెలేవే. తర్వాత కొన్నేళ్లు ఆటకంటే కొట్లాటలు ఎక్కువయ్యాయి. 1969లో ఎస్టుడియాంటెస్ ఆటగాళ్లు మిలాన్ వాళ్లను ఎంత కొట్టారంటే, కొందరు జైలుకు కూడా పోయారు. 1970ల్లో చాలాసార్లు యూరప్ ఛాంపియన్లు రామన్నారు. 1975, 1978ల్లో కప్పే జరగలేదు. 1980 నుంచి టొయోటా కంపెనీ పేరుతో జపాన్‌లో ఏటా ఒకే మ్యాచ్‌గా ఆడించారు. 2004 దాకా అదే పద్ధతి.

ఒక్క విషయం గమనించండి. ఇరవై నాలుగేళ్లు ఆట ఆసియాలో జరిగింది. టిక్కెట్లు కొన్నది ఆసియావాళ్లు. డబ్బు పెట్టింది ఆసియా కంపెనీ. గ్రౌండులోకి దిగే ఆసియా క్లబ్బు మాత్రం ఒక్కటీ లేదు! ఆఫ్రికా సంగతి సరేసరి. అయినా గెలిచినవాడిని అందరూ "ప్రపంచ విజేత" అనే పిలిచారు. 2017లో ఫిఫా కూడా ఆ పాత విజేతలందరినీ ప్రపంచ ఛాంపియన్లుగా అధికారికంగా గుర్తించింది. నాలుగు ఖండాలను తలుపు బయట నిలబెట్టి, లోపల ఇద్దరు పరుగు పెట్టుకుని, మేమే ఫస్టు అంటే ఎట్లా? పాత రోజుల్లో అందరూ కేవలం ప్రతిభ మీదనే పైకొచ్చారని మనకు ఎవరైనా చెప్పినప్పుడు, ఆ రోజుల్లో పరీక్ష హాల్లోకి ఎవరెవరిని రానిచ్చారు అని ఒక్కసారి అడగండి.

ఇక్కడ మన హైదరాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. 1950ల్లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు అంటే దేశంలో హడల్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అసలు వృత్తికి బడిపంతులు. ఆయనే భారత జట్టుకూ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. 1962 సెప్టెంబర్‌లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ మన జంట నగరాల వాళ్లే. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే పెలే లిస్బన్‌లో ఆ మూడు గోల్స్ కొట్టి "ప్రపంచ" కప్పు ఎత్తాడు. మన పోలీసు జట్టు శాంటోస్ మీద గెలిచేదని మేం అనడం లేదు. చిత్తుగా ఓడేదేమో! కానీ ఓడటానికి కూడా దారి లేదు కదా. ఆసియాలో క్లబ్బులకు ఖండ స్థాయి పోటీ పెట్టిందే 1967లో. రహీం సాబ్ 1963లోనే పోయారు. 2025 దాకా ఏ భారత క్లబ్బూ ఈ ప్రపంచ కప్పులో ఆడలేదు.

తలుపు తెరుచుకున్నది 2000 జనవరిలో. ఫిఫా బ్రెజిల్‌లో ఎనిమిది జట్లతో మొదటి క్లబ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టింది. ఆసియా నుంచి సౌదీకి చెందిన అల్ నస్ర్, ఆఫ్రికా నుంచి మొరాకోకు చెందిన రాజా కాసాబ్లాంకా, ఓషియానియా నుంచి సౌత్ మెల్‌బోర్న్. మెక్సికో జట్టు నెకాక్సా మూడో స్థానం ఆటలో పెనాల్టీల మీద రియల్ మాడ్రిడ్‌నే ఓడించింది. ఫైనల్లో కొరింథియన్స్, వాస్కో డ గామా మీద గెలిచింది. రాజా మాత్రం మూడు ఆటలూ ఓడింది. ఆ తర్వాత డబ్బు చిక్కుల వల్ల కప్పు ఆగిపోయి, 2005లో మళ్లీ మొదలైంది.

మాకు అన్నిటికంటే ఇష్టమైన కథ కాంగో దేశంలోని లుబుంబాషి నగరానికి చెందిన టి.పి. మజెంబె జట్టుది. 2009లో ఆఫ్రికా ఛాంపియన్‌గా అబుదాబి వచ్చారు. మొదటి ఆట కొరియా జట్టు పోహాంగ్ మీద ఓడారు. ఐదో స్థానం కోసం ఆడిన ఆటలో 3-2తో ఓడారు. ఎవరి మీదో చెప్పుకోండి! ఇదే ఆక్లండ్ సిటీ మీద. ఏడు జట్లలో ఆరో స్థానంతో ఇంటికి పోయారు. ఆ రోజు "ఆఫ్రికాకు సీటెందుకు" అని తీసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. తీసేయలేదు. 2010లో మళ్లీ వచ్చారు. మెక్సికో జట్టు పచూకాను 1-0తో, దక్షిణ అమెరికా ఛాంపియన్, బ్రెజిల్ జట్టు ఇంటర్నాసియొనాల్‌ను 2-0తో ఓడించి ఫైనల్‌కు చేరారు. యాభై ఏళ్లలో యూరప్, దక్షిణ అమెరికా కాకుండా ఇంకో ఖండం జట్టు ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. వాళ్ల గోల్‌కీపర్ కిడియాబా సంతోషం వచ్చినప్పుడల్లా నేల మీద కూర్చుని పిర్రలతో ఎగురుతూ గ్రౌండంతా తిరిగేవాడు. ఆ వీడియో దొరికితే తప్పక చూడండి, కడుపుబ్బ నవ్వుతారు. ఫైనల్లో ఇంటర్ మిలాన్ మీద 3-0తో ఓడారు. ఓడితే ఓడారు. 2000లో మూడు ఆటలూ ఓడిన రాజా కూడా 2013లో ఫైనల్ ఆడింది. అదీ ఎట్లా? ఆతిథ్య దేశానికి కేటాయించిన సీటులో వచ్చి!

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్లవుతుంది. ఆ రాత్రి సీటు మాట అన్నవాడు మాతో మూడు రోజులు వాదించాడు. వాడి వాదనలో బలముంది. ఓషియానియాలో 2025 దాకా ఆక్లండ్ సిటీ పదమూడుసార్లు ఛాంపియన్ అయింది. పపువా న్యూ గినీ, సోలమన్ దీవులు, వనువాటు, తాహితి లాంటి చిన్న చిన్న దీవుల క్లబ్బులు వాళ్ల ముందు నిలబడలేకపోయాయి. పపువా న్యూ గినీ నుంచి హెకారి యునైటెడ్ ఒక్కసారి, 2010లో, గెలిచి వచ్చింది. అంటే వెనకబడ్డవాళ్ల సీటును కూడా ఆ వెనకబడ్డవాళ్లలో ముందున్నవాళ్లే పట్టుకుపోతున్నారు కదా, దీనికేమంటారు అని వాడి ప్రశ్న. ఈ ప్రశ్న మనకు బాగా తెలిసిందే. దీని మీద మన రూముల్లోనే ఎన్ని రాత్రులు గొడవలు పడ్డామో గుర్తు తెచ్చుకోండి. మా నలుగురికీ ఇప్పటికీ ఒక్క మాట కుదరలేదు, కుదిరిందని అబద్ధం రాయం. కానీ ఒక దగ్గర నలుగురం ఒప్పుకున్నాం. దానికి మందు ఆ సీటును దీవుల దాకా తీసుకుపోవడం. సీటునే ఎత్తేసి యూరప్‌కు ఇవ్వడం కాదు. 2025లో ముప్ఫై రెండు సీట్లలో పన్నెండు యూరప్‌కే ఉన్నాయి. ఓషియానియాకు ఉన్నది ఒక్కటి!

డబ్బు సంగతీ అంతే. 2025 కప్పులో ఆడినందుకు ఓషియానియా జట్టుకు ఇచ్చింది 35 లక్షల 80 వేల డాలర్లు. యూరప్ జట్లకు ఒక్కోదానికి స్థాయిని బట్టి కోటి 28 లక్షల నుంచి 3 కోట్ల 81 లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. గెలుపుతో సంబంధం లేకుండా, వచ్చినందుకే! ఒకే మెస్‌లో ఒకరికి గరిటెడు, ఇంకొకరికి గిన్నెడు వడ్డించి, ఆ తర్వాత కుస్తీ పట్టమంటే ఎవరు గెలుస్తారో చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. 2012లో కొరింథియన్స్ గెలిచిన తర్వాత 2025 దాకా ఈ కప్పు యూరప్ దాటి పోలేదంటే ఆశ్చర్యం ఏముంది? 2025లోనూ ఫైనల్ రెండు యూరప్ జట్ల మధ్యనే. చెల్సీ 3-0తో పారిస్ జట్టును ఓడించింది.

ఇప్పుడు మా సంగతి. మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ అనే మాట మొదట పలికింది మేమే. మొదటి సెమిస్టర్లో నలుగురిలో ముగ్గురికి బ్యాక్‌లాగ్‌లు వచ్చాయి. తెలుగు మీడియం నుంచి పోయి ఇంగ్లిషులో పాఠం వినడం అంటే, రేడియోలో పక్క స్టేషన్ విన్నట్టు ఉండేది. పేపర్లు ఇస్తూ ఒక లెక్చరర్ క్లాసులో అందరి ముందు అన్నారు, "సీటైతే ఇవ్వగలం, మార్కులు ఎక్కడినుంచి తెచ్చివ్వాలి?" అని. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం మాలో ఒకడు బ్యాగు సర్దుకుని బస్టాండుకు పోయాడు. రాత్రి పదిన్నరకు తిరిగొచ్చాడు. మనసు మారి కాదు, వాళ్ల ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయింది! ఆ బస్సు పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరి ఉంటే ఈ రూములో ముగ్గురమే ఉండేవాళ్లం. వాడు ఆ తర్వాత గోల్డ్ మెడల్ కొట్టాడని రాస్తే బాగుండును గానీ, కొట్టలేదు. రెండో ఏడాదికి బ్యాక్‌లాగ్‌లు పోయాయి, యాభై ఎనిమిది శాతంతో డిగ్రీ అయింది, పీజీ ఎంట్రన్స్ రాశాడు. అంతే. ఆ అంతేకే మూడేళ్లు పట్టింది.

మళ్లీ ఆటకు వద్దాం. పది గోల్స్ తిన్న ఐదు రోజులకు ఆక్లండ్ సిటీ ఓర్లాండోలో బెన్ఫికాతో ఆడింది. ఓడింది, 6-0. కానీ పేపర్లో స్కోరు మాత్రం చూసినవాళ్లకు తెలియనిది ఒకటుంది. ఆ ఆటలో సగం సమయానికి స్కోరు 1-0. ఆ ఒక్క గోలూ సగం ముగిసే వేళకు ఇచ్చిన పెనాల్టీ వల్ల వచ్చింది. ఐదు రోజుల కింద అదే సగంలో ఆరు తిన్నవాళ్లు వీళ్లు!

మూడో ఆట నాష్‌విల్‌లో, బోకా జూనియర్స్‌తో. మనకు 24వ తేదీ అర్ధరాత్రి దాటాక మొదలైంది. బోకా అంటే మారడోనా ఆడిన అర్జెంటీనా క్లబ్బు. ఆ పాత రెండు ఖండాల కప్పును 1977, 2000, 2003ల్లో మూడుసార్లు గెలిచినవాళ్లు. ఆక్లండ్ గోల్‌లో ఈసారి నాథన్ గారో అనే కుర్రాడు నిలబడ్డాడు. 26వ నిమిషంలో బోకావాళ్లు తలతో కొట్టిన బంతి పోస్టుకు తగిలి, తిరిగొచ్చి అతనికే తగిలి లోపలికి పోయింది. పాపం, ఎవరి ఖాతాలోనో పడాల్సిన గోల్ సొంత గోల్ అయింది. అయిపోయింది, ఇక వరస పెడతారు అనుకున్నాం. మాలో ఇద్దరు దుప్పటి కప్పుకున్నారు.

52వ నిమిషం. ఆక్లండ్‌కు కార్నర్ దొరికింది. బంతి గాలిలో లేచింది. టీచర్ ట్రైనింగు చేస్తున్న క్రిస్టియన్ గ్రే అందరికంటే పైకెగిరి తలతో కొట్టాడు. గోల్! ఆ కప్పులో ఆక్లండ్‌కు అదే మొదటి గోల్, అదే చివరి గోల్. మేం అరిచిన అరుపుకు పక్క రూమువాళ్లు ఎవరికో పాము కరిచిందని కర్రలు పట్టుకుని వచ్చారు. తర్వాత ఉరుములు మెరుపుల వల్ల ఆట చాలాసేపు ఆపారు. ఫోన్ ఛార్జింగు అయిపోతుంటే కరెంటు ప్లగ్గు దగ్గరికి మంచం జరుపుకుని కూర్చున్నాం. ఆట మళ్లీ మొదలైంది. బోకావాళ్లు ఎంత మీదపడినా గారో వదల్లేదు. 1-1. డ్రా చేసినందుకు ఆ క్లబ్బుకు వచ్చిన సొమ్ము పది లక్షల డాలర్లు. మూడు ఆటల్లో పదిహేడు గోల్స్ తిని ఒక్కటి కొట్టి ఇంటికి పోయిన ఆ జట్టును చూసి, మొదటి రోజు సీటు మాట అన్నవాడు ఏమీ అనలేదు. పొద్దున లేచి ముందుగా గ్రే ఫోటో వెతికి ఫోన్‌లో పెట్టుకున్నాడు.

అందుకే మా అభిప్రాయం ఇది. సీటు ఇవ్వాలా వద్దా అన్నది మొదటి ఆట స్కోరు చూసి తేల్చే విషయం కాదు. మొదటి ఆటలో పది తిన్నవాడికి మూడో ఆట దాకా అక్కడ ఉండే హక్కు ఉండాలి. ఆ హక్కు లేకపోతే సీటు ఇచ్చీ ఇవ్వనట్లే. ఈ మాట ఫిఫాకు చెబితే వింటుందో లేదో మాకు తెలియదు. మీకు చెప్పడానికి మాత్రం ఒక కారణం ఉంది.

ఈ సంచిక పని మీద మొన్న ఇద్దరం హాస్టల్‌కు వచ్చాం. ఏడో నెంబరు రూములో ఒక మంచం ఖాళీగా ఉంది. తొమ్మిదో తరగతి తమ్ముడిదట. పరీక్షలో లెక్కలకు ఇరవైకి రెండు వచ్చాయట. బడిలో ఎవరో "వీడికి హాస్టల్ తిండి దండగ" అన్నారట. దసరా సెలవులకు ఇంటికి పోయినవాడు మళ్లీ రాలేదు. పత్తి ఏరడానికి పోతున్నాడని వాళ్ల ఊరి పిల్లలు చెప్పారు. వార్డెన్ సారు రెండుసార్లు ఫోన్ చేస్తే వాళ్ల నాయన ఎత్తి, "వాడు రానంటున్నాడు సారూ" అన్నాడట.

వచ్చే ఆదివారం సారుతో పాటు మేమిద్దరం వాళ్ల ఊరికి పోతున్నాం. బస్సు ఎనిమిదింటికట, దిగాక రెండు కిలోమీటర్లు నడవాలట. వాడి ట్రంకు పెట్టె మంచం కిందే ఉంది. ఆ మంచాన్ని ఇంకెవరికైనా ఇవ్వమని అడిగితే సారు ఇవ్వలేదు. పెట్టె తాళం చెవి వాడి దగ్గరే ఉందట.